షక్కర్‌నగర్ మిల్లు సరే, చెరకు సంగతేంటి?

ఈమధ్య ఒక వాట్సాప్ గ్రూపులో నిజామాబాద్ జిల్లా బోధన్ షక్కర్‌నగర్ పాత ఫొటో ఒకటి తిరిగింది. వెనకాల పొగ గొట్టం, ముందు చెరకు బళ్ళ వరస. కింద షరా మామూలే: ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ, నిజాం కట్టించాడు, తర్వాతవాళ్ళు అమ్ముకున్నారు, బంగారం లాంటి ఊరు పాడుబడింది. దానికింద కన్నీళ్ళ బొమ్మలు, దండాలు. నేనూ ఒక దండం పెట్టేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ఫొటోలో ఉన్న బళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. బండి తోలేవాళ్ళు ఏ ఊళ్ళ నుంచి వచ్చారు, ఎన్ని గంటల నుంచి అక్కడ నిలబడ్డారు, వాళ్ళు అసలు చెరకే ఎందుకు వేశారు? షక్కర్‌నగర్ గురించి రాసేవాళ్ళంతా గేటు లోపలి కథే రాస్తారు. నాకైతే సగం కథ, ఇంకా చెప్పాలంటే ముఖ్యమైన సగం, గేటు బయట ఉందనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మిల్లునీ, ఆ మిల్లు కట్టిన ఊరినీ నిలబెట్టింది చుట్టుపక్కల రైతుకి చెరకు కన్నా మంచి దారి లేకపోవడం. ఆ దారి దొరకడం మొదలైనప్పటి నుంచే ఊరికి రోజులు దగ్గరపడ్డాయి. అమ్మకం ఆ తర్వాతి సంగతి. అమ్మకం వల్ల నష్టం జరగలేదని నేననడం లేదు. దాన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే రేపు మిల్లు తెరిచినా ఊరు తిరిగి రాదంటున్నాను.

ఇక "ఆసియాలోనే అతి పెద్దది" అన్న మాట. ఏ సంవత్సరంలో, దేంతో కొలిచి అని అడిగితే చెప్పేవాళ్ళు కనబడరు. మన దగ్గర ప్రతి పాత కట్టడానికీ ఈ బిరుదు ఎప్పుడో ఒకప్పుడు తగులుకుంటుంది. పెద్ద ఫ్యాక్టరీ అన్నది నిజం, అది చాలు.

మిల్లు కన్నా ముందు కాలువ

షక్కర్‌నగర్ చరిత్ర 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీతో మొదలవుతుందని చెబుతారు. నేనైతే 1923 నుంచి మొదలుపెడతాను. మంజీర మీద నిజాంసాగర్ పని మొదలైన ఏడాది అది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగా, 1931కల్లా ఆనకట్ట పూర్తయింది. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకి నీళ్ళివ్వాలన్నది లెక్క. కాలువ తవ్వడం ఒక ఎత్తు, ఆ నీళ్ళతో పండించడం ఇంకో ఎత్తు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతు కాలువ రాగానే తెల్లారేసరికి మాగాణి రైతు అయిపోడు. పొలం చదును చేయాలి, గట్లు వేయాలి, పెట్టుబడి కావాలి. ఆ రోజుల్లోనే కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నారు. బోధన్, వర్ని, కోటగిరి వైపు ఇప్పటికీ ఊళ్ళ పేర్ల చివర "క్యాంపు" అని తగిలి ఉండటం అందుకే.

ఇంత ఖర్చుపెట్టి తెచ్చిన నీళ్ళకి డబ్బు పండించే పంట కావాలి. సరిగ్గా అప్పుడే బ్రిటిష్ ఇండియాలో 1932లో దిగుమతి చక్కెర మీద వేసిన రక్షణ సుంకం పుణ్యమా అని చక్కెర మిల్లులు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఎటికొప్పాకలో సహకార ఫ్యాక్టరీ 1933లోనే వచ్చేసింది. హైదరాబాద్ సంస్థానం చేతిలో పరిశ్రమలకి డబ్బు పెట్టేందుకు 1929లో పెట్టిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఉంది. కాలువ ఉంది, నిధి ఉంది, పంట ఒకటి కుదిరింది. మిల్లు వచ్చింది.

మిల్లు బోధన్ పొలాల మధ్యే ఎందుకు రావాలి, హైదరాబాద్‌లో ఎందుకు పెట్టలేదు అంటే, చెరకు ఆగదు కాబట్టి. కోసిన గడలో పంచదార గంట గంటకీ తగ్గిపోతుంది. ఇరవై నాలుగు గంటల్లో గానుగ పడితే లాభం, రెండో రోజు దాటితే తూకమూ పడిపోతుంది, రికవరీ, అంటే గడ నుంచి వచ్చే చక్కెర శాతం, కూడా పడిపోతుంది. పైగా పది టన్నుల చెరకు ఆడితే వచ్చే చక్కెర ఒక టన్ను, అటూ ఇటుగా. మిగతాదంతా నీళ్ళు, పిప్పి, మడ్డి. అంత బరువు దూరం మోసుకెళ్ళడం దండగ. అందుకని మిల్లే చెరకు దగ్గరికి రావాలి. మిల్లు వచ్చాక, పొలాల మధ్యకి ఇంజినీర్లు, కెమిస్టులు, ఫిట్టర్లు వచ్చి ఉండాలంటే వాళ్ళకి ఇళ్ళు కావాలి, బడి కావాలి, ఆసుపత్రి కావాలి. కంపెనీ ఊరు కట్టింది దయతో అనేవాళ్ళున్నారు, దర్పం కోసం అనేవాళ్ళూ ఉన్నారు. చెరకు గడ తొందరే అసలు కారణం.

గోడకి రెండు వైపులా

నాతో చదువుకున్న ఒక మిత్రుడు కాలనీలో పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్న మిల్లులో పాకం ఉడికించే పాన్ హౌస్‌లో పనిచేశారు. చక్కెర తయారీలో నాకు బాగా నచ్చిన ముచ్చట వాడు చెప్పిందే. పాకం పెద్ద పాన్‌లో ఉడుకుతుంటే, పక్కనున్న కడ్డీ లాగి నమూనా తీస్తారు. దాన్ని చిన్న గాజు పలక మీద బొటనవేలితో పల్చగా రాసి దీపం వెలుగుకి ఎత్తి చూస్తారు. గింజ కట్టిందా, ఎంత సైజులో ఉంది, లోపల దొంగ గింజ (అక్కర్లేని సన్న గింజ) ఏమన్నా పుట్టిందా అన్నది కంటితోనే తేలుస్తారు. కొంచెం అటూ ఇటూ అయితే పాన్ మొత్తం పాడు. మీటర్లు ఉన్నా సరే, పాత పాన్ మనిషి చూసి ఊఁ అంటేనే కిందికి దింపేవాళ్ళట. వాళ్ళ నాన్న రిటైరయ్యాక కూడా ఇంట్లో బెల్లం పాకం పడుతుంటే గిన్నె దగ్గరికొచ్చి చెంచా ఎత్తి వెలుగులో చూసేవారు. వాళ్ళమ్మకి చిరాకు.

అలాంటి పనితనం ఉన్నవాళ్ళు ఒకచోట బతికిన ఊరది. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే వీధిలో వినబడేవి. పిప్పి కాల్చి ఆవిరి, ఆవిరితో కరెంటు. మిల్లు ఆడుతుంటే దీపాలకి కొదవ లేదు. చుట్టుపక్కల పల్లెల్లో కందిలి బుడ్లు వెలుగుతున్న కాలంలో కాలనీలో బల్బులు వెలిగాయంటే, ఆ ఊరి పిల్లలకి ఆ కాలం స్వర్గంలా గుర్తుండటంలో వింతేముంది? నా మిత్రుడి బెంగని నేను ఎగతాళి చేయను.

కానీ వాడు చెప్పే ఊళ్ళో కొందరు ఉండరు. క్రషింగ్, అంటే మిల్లులో చెరకు ఆడటం, నవంబరులో మొదలై ఎండలు ముదిరేదాకా నడుస్తుంది. ఆ నెలలన్నీ చెరకు కొట్టే కూలీల గుంపులు పొలాల గట్ల మీదే గుడిసెలు, పట్టాలు వేసుకుని ఉంటాయి. తెల్లవారుజామున మంచులో కోత, మధ్యాహ్నానికి మోపులు కట్టడం, సాయంత్రానికి లోడు ఎత్తడం. ఆకు అంచు కోసుకుపోయిన చేతులు. సీజన్ అయ్యాక గుంపు లేచిపోతుంది, గుడిసె జాడ కూడా ఉండదు. వాళ్ళకి క్వార్టరు లేదు, ఫొటో లేదు, వాట్సాప్ గ్రూపు లేదు. కంపెనీ కట్టిన ఊరు అన్నప్పుడు వీళ్ళని ఆ ఊరివాళ్ళుగా లెక్కపెట్టాలా వద్దా?

చక్కెర కోసం ఊళ్ళు కట్టడం ఇక్కడే మొదలవలేదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటల్ చెరకు తోటలకి కూలీలని తీసుకెళ్ళింది, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ తోటా యజమానిదే, మిల్లూ యజమానిదే, కూలీల ఇళ్ళ వరసలూ యజమానివే. గడ నాటినవాడు ఒప్పందం తీరేదాకా కదలడానికి లేదు. షక్కర్‌నగర్‌లో కంపెనీకి వేల ఎకరాల సొంత ఫారాలు ఉండేవి నిజమే, కానీ మిల్లు కడుపు వాటితోనే నిండలేదు. మిగతా చెరకు సొంత పొలం ఉన్న రైతు నుంచి రావాలి. రైతుని గోడ లోపల పెట్టలేరు. మరి ఏడాదికేడాది అతను చెరకే వేసేట్టు చూడటం ఎలా?

జోన్

దానికి జవాబు జోన్. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు చట్టం కింద ఒక్కో ఫ్యాక్టరీకి కొన్ని ఊళ్ళు కేటాయిస్తారు. ఆ ఊళ్ళ చెరకు ఆ ఫ్యాక్టరీకే పోవాలి. ఫ్యాక్టరీ కూడా ఒప్పందం చేసుకున్న చెరకుని కొనకుండా తప్పించుకోవడానికి లేదు. 1966 నాటి కేంద్ర కంట్రోల్ ఆర్డరు ప్రకారం చెరకు అందిన పద్నాలుగు రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. కాగితం మీద ఇద్దరికీ సమానంగా కట్టుబాటు ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ కోత ఆర్డరు ఎప్పుడివ్వాలో మిల్లు చేతిలో ఉంటుంది. గడ ఎండిపోతుంటే తొందరపడాల్సింది రైతు, మిల్లు కాదు. ఈ మాట ఏ ఒక్క మిల్లు గురించో అనడం లేదు, జోన్ పద్ధతిలోనే ఆ ఒంపు ఉంది.

అయినా రైతు చెరకు వదల్లేదు, చాలా ఏళ్ళు. ఎందుకంటే అప్పట్లో కాలువ నీళ్ళున్న నేలలో రేటు ముందే తెలిసిన పంట, దళారి లేకుండా అమ్ముడుపోయే పంట, ఒకసారి నాటితే కార్శి (కొట్టేసిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే పంట) కూడా వచ్చే పంట అదొక్కటే. వడ్లు కొనే ప్రభుత్వ కేంద్రం ఊరూరా ఉండే కాలం కాదది.

మా పెద్దనాయిన ఆ పక్క ఊళ్ళోనే చెరకు రైతు. చాలా ఏళ్ళు చెరకే వేసి, ఒక యాసంగిలో ఉన్నట్టుండి మొత్తం వరికి మళ్ళాడు. మిల్లు అప్పటికింకా నడుస్తూనే ఉంది. ఎందుకని అడిగితే పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "చెరుకు పెడితే ఏడాదంత దాని మొకమే చూడాలె బిడ్డా. కొట్టెటోళ్ళు దొరుకుతలేరు. దొరికినా ముందుగల్ల పైసలియ్యాలె. వడ్లయితే నాలుగు నెలలల్ల చేతిల పడ్తయి," అన్నాడు. అంతే. అందులో అమ్మకం మాటే లేదు. ఆ జవాబు విన్నప్పటి నుంచే నాకు ఈ అనుమానం పట్టుకుంది.

మరి అమ్మకం?

2002లో ప్రభుత్వం షక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లని జాయింట్ వెంచర్‌కి అప్పగించింది. ప్రైవేటు వాటా 51 శాతం, ప్రభుత్వానిది 49. ధర తక్కువ కట్టారని గొడవ లేచింది, శాసనసభా కమిటీ వేశారు, కోర్టులకెక్కారు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూతవేశారు. తర్వాత దివాలా కేసు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం కమిటీ వేసింది. ఇదంతా ఈ వ్యాసం చదివేవాళ్ళకి తెలిసిందే.

నా మిత్రుడి వాదన వినదగ్గది. "చెరకు తగ్గింది కాబట్టి మిల్లు పోయింది అంటున్నావు. మిల్లు మీద నమ్మకం పోయింది కాబట్టే చెరకు తగ్గింది. నువ్వు తల్లకిందులుగా చెబుతున్నావు." దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మిల్లు భవిష్యత్తు ఏంటో తెలియనప్పుడు పన్నెండు నెలల పంట ఎవరు వేస్తారు? వేసవికి మిల్లు ఉంటుందో ఉండదో అన్న టెన్షన్‌తో ముచ్చెలు (విత్తనం గడ ముక్కలు) నాటే రైతు ఉండడు. కాబట్టి రెండూ ఒకదాన్నొకటి లాక్కెళ్ళాయని ఒప్పుకుంటాను. కానీ నమ్మకం తిరిగొస్తే చాలు, చెరకు దానంతటదే వస్తుందన్న దగ్గర నేనాగిపోతాను.

వాడు సిర్పూర్ కాగజ్‌నగర్‌ని ఉదాహరణగా చూపిస్తాడు. అదీ నిజాం కాలపు కంపెనీ ఊరే. పేపరు మిల్లు 2014లో మూతపడింది, 2018లో జేకే పేపర్ తీసుకున్నాక మళ్ళీ నడుస్తోంది. అక్కడ జరిగినది ఇక్కడెందుకు జరగదు? ఇక్కడే చెరకుకీ కర్రకీ ఉన్న తేడా అడ్డొస్తుంది. పేపరు మిల్లుకి కావలసిన కర్ర వందల కిలోమీటర్ల నుంచి లారీల్లో తెప్పించుకోవచ్చు, యార్డులో వారాల తరబడి పేర్చి పెట్టుకోవచ్చు. చుట్టుపక్కల రైతు ఏం పండించినా మిల్లు ఆగదు. చక్కెర మిల్లుకి ఆ వీలు లేదు. ముప్పై, నలభై కిలోమీటర్లలో రైతులు ఒప్పుకుంటేనే దానికి పని. బాయిలర్ కొత్తది పెట్టొచ్చు, అప్పు తీర్చొచ్చు, బోర్డు మార్చొచ్చు. ఆ ఒప్పుకోలు మాత్రం టెండరు పిలిస్తే వచ్చేది కాదు.

నీళ్ళు తిరిగొచ్చాయి, చెరకు రాలేదు

కొందరు నీళ్ళ మీద నెపం వేస్తారు. అందులోనూ నిజముంది. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టే నిజాంసాగర్‌లో పూడిక పేరుకుని ఇప్పుడు 17.8 టీఎంసీలే నిలుస్తాయి. పైన సింగూరు ప్రాజెక్టు కట్టాక మంజీర నీళ్ళలో హైదరాబాద్ తాగునీటికి పెద్ద వాటా పోతోంది. కర్ణాటక, మహారాష్ట్ర వైపు కట్టినవి వేరే. కాలువ చివరి పొలాలకి నీళ్ళు అందని ఏళ్ళు ఎన్నో.

కానీ తర్వాత గోదావరి నీళ్ళని అలీసాగర్ ఎత్తిపోతలతో నిజాంసాగర్ చివరి ఆయకట్టుకి అందించారు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, బోర్లు పడ్డాయి. నీటి ఇబ్బంది చాలావరకు తీరిన చోట్ల రైతులు ఏం వేశారు? వరి. తడి నేలలన్నీ వరి. నీళ్ళే కారణమైతే నీళ్ళతోపాటు చెరకు కూడా తిరిగి రావాలి కదా.

లెక్క వేసి చూస్తే ఎందుకు రాలేదో అర్థమవుతుంది. 2024-25 సీజన్‌కి చెరకు కేంద్ర ధర క్వింటాలుకి 340 రూపాయలు. ఎకరానికి 35 టన్నులు పండిందనుకుంటే లక్షా పంతొమ్మిది వేలు. అదే ఏడాది ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,320. ఎకరానికి పంటకి 25 క్వింటాళ్ళ చొప్పున రెండు పంటలకి లక్షా పదహారు వేలు. చూడటానికి దాదాపు సమానం. కానీ వరి డబ్బు రెండు విడతలుగా వస్తుంది, కోతకి మిషన్ వచ్చి గంటల్లో పని ముగించి పోతుంది, కొనుగోలు కేంద్రం ఊళ్ళోనే ఉంటుంది. చెరకు డబ్బు ఏడాది చివర ఒకేసారి, అందులోంచి కోత కూలి తీసేయాలి. కార్శి తోటలో విత్తనం ఖర్చు మిగులుతుంది కాబట్టి చెరకుకి కొంత మొగ్గు చూపొచ్చు అని వాదించేవాళ్ళున్నారు. సరే, చూపండి. అయినా పనిమనుషుల సమస్య అలాగే ఉంటుంది.

ఈ వరి మోజు మంచిదని నేననను. ప్రభుత్వం కొనడం మానేసిన రోజున ఇదీ కూలుతుంది. కానీ రైతు ఈ ఏడాది లెక్క చూసుకుంటాడు, మన బెంగ లెక్క చూసుకోడు.

మహారాష్ట్ర సంగతేంటని అడగొచ్చు. సరిహద్దు అవతల నీళ్ళు ఇంతకన్నా తక్కువున్న చోట్ల కూడా చెరకు విడవలేదు. అక్కడ చాలా మిల్లులు సహకార సంఘాలవి; రైతుకి వాటా ఉంది, ఎన్నికల్లో ఓటుంది, రాజకీయం అంతా వాటి చుట్టే. 2015లో ఇక్కడి ప్రభుత్వం కూడా మిల్లుని రైతుల సహకార సంఘానికి అప్పగించే ఆలోచన చేసింది. అది ముందుకు సాగలేదు. దాన్ని రైతుల తెలివితక్కువగా చెప్పడం నాకు నచ్చదు. తొలినాళ్ళ నుంచీ రైతు మిల్లుకి సరఫరాదారు మాత్రమే. అప్పులతో, పాత యంత్రాలతో మూలుగుతున్న మిల్లుని ఇప్పుడు "ఇది మీదే, నడుపుకోండి" అంటే ఎవరైనా ఎందుకు తీసుకుంటారు? మిల్లు బాగా ఆడిన కాలంలో వాటా ఇవ్వజూపి ఉంటే కథ వేరే ఉండేదేమో.

అందుకే పునరుద్ధరణ అనగానే నాకు యంత్రాల కన్నా ముందు చెరకు కొట్టే మనుషులు గుర్తొస్తారు. వాళ్ళు ఇక దొరకరు అనుకుంటే మిషన్ కోత కావాలి. మిషన్ దిగాలంటే సాలుకీ సాలుకీ మధ్య నాలుగైదు అడుగుల ఎడం కావాలి, పాత పద్ధతిలో దగ్గర దగ్గరగా వేసిన తోటలో అది నడవదు. మలుపు తిరగడానికి పొడుగాటి మడి కావాలి. ఎకరం, రెండెకరాల ముక్కలుగా, మధ్యలో వరి గట్లతో ఉన్న ఈ ఆయకట్టులో పదిమంది రైతులు ఒకే పట్టీగా, ఒకే వారంలో, ఒకే ఎడంతో నాటితే తప్ప ఆ యంత్రం గిట్టుబాటు కాదు. కమిటీ మిల్లుకి సున్నం వేయించే ముందు కొన్ని ఊళ్ళలో అలాంటి పట్టీలు కుదురుతాయో లేదో చూడాలి. మొదటి రెండేళ్ళు వరికన్నా ఎకరానికి ఎంత ఎక్కువ ఇస్తారో, అది ఎన్ని రోజుల్లో ఇస్తారో రైతు చేతికి రాసివ్వాలి. మా పెద్దనాయినని అడిగాను, అలా రాసిస్తే పెడతావా అని. "ఎవరు రాసిస్తరో చూసి చెప్త," అన్నాడు.